పిల్లల పళ్లు తరచూ పుచ్చిపోతుంటే: వార్నిషా, సీలెంటా, నల్లబడే మందా, క్యాపా?

ఒక పన్ను పుచ్చిందని ఫిల్లింగ్ చేయించి హమ్మయ్య అనుకునేలోపే, ఆర్నెల్లు తిరక్కుండా పిల్లాడి నోట్లో ఇంకో రెండు మచ్చలు కనిపిస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఒక డెంటిస్ట్ వార్నిష్ వేద్దాం అంటారు, ఇంకొకరు సీలెంట్లు వేయించండి అంటారు, మూడో ఆవిడ పన్ను నల్లబడుతుంది కానీ పుచ్చు ఆగిపోయే మందు ఒకటుంది పూయమంటారా అని అడుగుతారు, క్యాపు వేసేస్తే గొడవ వదిలిపోతుంది అనేవాళ్లూ ఉంటారు. ఇన్ని విన్నాక వీటిలో ఏది మంచిది అనే అడుగుతాం. కానీ ఇవన్నీ ఒకే పని చేసేవి కావు కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు దొరకదు. ఏ పన్ను, ఆ పంటికి ఏ వైపు, పుచ్చు ఎంతవరకు వచ్చింది, ఈ మూడూ తెలిస్తే మాత్రం ఏది వేయించాలో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

పుచ్చు ఎక్కడ మొదలైందో ముందు చూడండి

పిల్లల పళ్లు ముఖ్యంగా మూడు చోట్ల పుచ్చుతాయి. దవడ పళ్ల మీద నమిలే వైపు సన్నటి గాడులు ఉంటాయి, బ్రష్ కుచ్చు వాటి అడుగుదాకా వెళ్లదు, తిన్నది అక్కడ ఇరుక్కుంటుంది. రెండోది పక్కపక్కనే ఆనుకుని ఉన్న దవడ పళ్ల సందు. ఇది బయటికి కనిపించదు, ఎక్స్‌రే తీస్తే తప్ప చాలాసార్లు డెంటిస్ట్‌కీ తెలియదు. మూడోది చిగురు అంచు వెంట ఉండే నున్నటి భాగం, చంటిపిల్లల్లో పై ముందు పళ్ల దగ్గర.

ఈ మూడోదాన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. పిల్లని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, పై పెదవి పైకెత్తి, పొడి గుడ్డతో పళ్లు తుడిచి, ఫోన్ లైటు వేసి చిగురు అంచు చూడండి. అక్కడ సుద్దముక్కతో గీసినట్టు మెరుపు లేని తెల్లటి గీత ఉందా? తడిగా ఉన్నప్పుడు అది సరిగ్గా కనిపించదు, అందుకే తుడవమన్నాను. ఆ తెల్ల గీతే పుచ్చుకి మొదటి మెట్టు. అక్కడ ఎనామెల్‌లోంచి, అంటే పంటి మీది గట్టి పొరలోంచి, ఖనిజాలు పోయాయి, పైపొర మాత్రం ఇంకా విరగలేదు. ఈ దశలో పట్టుకుంటే మళ్లీ గట్టిపడేలా చేయొచ్చు. గుంట పడిందంటే ఇక అది తనంతట తాను పూడదు.

అసలు జరిగేది ఇది. నోట్లోని బ్యాక్టీరియా చక్కెర తిని ఆమ్లం వదులుతుంది, పంటి మీద పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది, తర్వాత లాలాజలం మెల్లగా ఆ ఆమ్లాన్ని విరిచి ఖనిజాలని తిరిగి పంటికి అందిస్తుంది. తిన్న ప్రతిసారీ ఇలా కోలుకోవడానికి అరగంటో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అందుకే ఒకేసారి కూర్చుని తిన్న చాక్లెట్ కంటే, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాసేపటికొకసారి చప్పరించే జ్యూసు చాలా ఎక్కువ నష్టం చేస్తుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి నోట్లో పాల సీసాతో నిద్రపోయే అలవాటు అన్నిటికంటే చెడ్డది. పైగా పాలపళ్ల ఎనామెల్ శాశ్వత పళ్లతో పోలిస్తే పల్చగా ఉంటుంది, అందుకే పిల్లల్లో పుచ్చు ఇంత త్వరగా లోతుకి పోతుంది.

ఎలాగూ ఊడిపోయే పాలపళ్లకి ఇంత హడావుడి ఎందుకు అనే మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. పాల దవడ పళ్లలో చివరివి పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ఐదేళ్లకే పుచ్చి తీసేయాల్సి వస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి వాలి, కింద నుంచి వచ్చే పంటికి చోటు ఉండదు. చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత పన్ను కూడా దెబ్బతినొచ్చు. అన్నిటికీ మించి, పంటి నొప్పితో పిల్లలు సరిగ్గా తినరు, నిద్రపోరు, అయినా పన్ను నొప్పి అని నోరు తెరిచి చెప్పరు. ఒకవైపే నములుతారు, మనం గమనించం.

వీటన్నిటికంటే ముందు పేస్టు

క్లినిక్‌లో చేసేవాటిని పోల్చే ముందు ఇంట్లో పేస్టు సంగతి తేల్చుకోండి. పిల్లల పేస్టు అని బొమ్మలేసి అమ్మేవాటిలో కొన్నింటిలో పంటిని గట్టిపరిచే ఫ్లోరైడ్ చాలా తక్కువ, కొన్నింటిలో అసలు ఉండదు. పళ్లు పుచ్చే స్వభావం ఉన్న పిల్లలకి ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1000 భాగాలు) ఉన్న పేస్టు కావాలి, ఆరేళ్లు దాటాక 1350 నుంచి 1500 మధ్య ఉన్నది వాడొచ్చు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదవండి. మింగేస్తారని భయపడి ఫ్లోరైడ్ లేనిది కొనడం కంటే, సరైన పేస్టునే కొంచెం పెట్టడం మేలు: మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. అయిపోయాక ఉమ్మించండి, నీళ్లు పోసి పుక్కిలించనివ్వకండి. పుక్కిలిస్తే పంటి మీద ఉండాల్సిన ఫ్లోరైడ్ సింక్‌లోకి పోతుంది. రాత్రి బ్రష్ మాత్రం ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే చేయాలి. సొంతంగా చేసుకుంటానని మారాం చేస్తే చేసుకోనిచ్చి, తర్వాత మీరు ఇంకోసారి చేయండి.

మీరు తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే ఆ సంగతి డెంటిస్ట్‌కి తప్పకుండా చెప్పాలి, శాశ్వత పళ్లు తయారయ్యే వయసులో ఎక్కువగా మింగితే వాటి మీద తెల్ల మచ్చలు, చారలు వస్తాయి. అయితే ఆ సమస్య వచ్చేది రోజూ కడుపులోకి పోయేదాంతో. మూణ్నెల్లకో ఆర్నెల్లకో పంటి మీద పూసే కొద్దిపాటి మందుతో కాదు.

వార్నిష్‌కీ సీలెంట్‌కీ మధ్య

ఎక్కువమంది తేల్చుకోలేనిది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఫ్లోరైడ్ వార్నిష్ జిగురులాంటి మందు, 5 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే 22,600 పీపీఎం. పళ్లు తుడిచి చిన్న బ్రష్‌తో పూస్తారు, లాలాజలం తగలగానే గట్టిపడి అంటుకుంటుంది, మొత్తం పని రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఏడ్చే పిల్లలకీ చేయొచ్చు, మొదటి పన్ను వచ్చిన దగ్గర్నుంచీ వేయొచ్చు. పళ్లన్నిటి మీదా, అన్ని వైపులా పనిచేయడం దీని బలం. తెల్ల గీత దశలో ఉన్న పుచ్చుని వెనక్కి తిప్పడానికి నాకు తెలిసి ఇంతకంటే సులువైనది లేదు. వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష ప్రకారం వార్నిష్ వల్ల పాలపళ్లలో పుచ్చు సగటున 37 శాతం, శాశ్వత పళ్లలో 43 శాతం తగ్గింది. కానీ ఒకసారి వేయించి మర్చిపోతే లాభం లేదు. మామూలుగా ఆర్నెల్లకోసారి, ముప్పు ఎక్కువున్న పిల్లలకి మూణ్నెల్లకోసారి వేయించాలి. వేయించాక కొన్ని గంటలు వేడివీ గట్టివీ పెట్టకుండా, ఎప్పటినుంచి బ్రష్ చేయాలో డెంటిస్ట్‌ని అడిగి ఆ ప్రకారం చేయండి. పళ్లు పసుప్పచ్చగా కనిపిస్తే కంగారు పడొద్దు, బ్రష్ చేశాక పోతుంది. చాలా వార్నిష్‌లలో చెట్ల నుంచి తీసిన రెసిన్ ఉంటుంది కాబట్టి, పిల్లలకి అలాంటి జిగురు పడకపోయినా, ఉబ్బసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చిన సందర్భాలు ఉన్నా ముందే చెప్పండి.

సీలెంట్ చేసే పని వేరు. దవడ పళ్ల గాడులని మూసేసి తిండీ బ్యాక్టీరియా లోపలికి పోకుండా చేస్తుంది. ఆరేళ్లప్పుడు వచ్చే మొదటి శాశ్వత దవడ పళ్లకీ, పన్నెండేళ్లప్పుడు వచ్చే రెండోవాటికీ ఇది ముఖ్యం. ఆరేళ్లకి వచ్చే ఆ నాలుగు పళ్లూ ఏ పాలపన్నూ ఊడకుండా వెనకాల కొత్తగా పుట్టుకొస్తాయి, అందుకే చాలామంది అవి కూడా పాలపళ్లే అనుకుని వదిలేస్తారు. వచ్చిన మొదటి రెండేళ్లలో అవి పుచ్చే ప్రమాదం ఎక్కువ. సీలెంట్ వేయించడానికి సరైన సమయం కూడా అదే.

ఇందులో రెండు రకాలున్నాయి. ప్లాస్టిక్ లాంటి రెసిన్ సీలెంట్ ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ వేసేటప్పుడు పన్ను పూర్తిగా పొడిగా ఉండాలి. ఆమ్లం రాసి, కడిగి, ఆరబెట్టి, మందు వేసి, నీలం లైటుతో గట్టిపరిచే ఆ కొద్ది నిమిషాల్లో పిల్లాడు నాలుక తగిలించాడంటే పట్టు దొరకదు, త్వరగా ఊడిపోతుంది. గ్లాస్ అయానమర్ అనే సిమెంటు లాంటి రెండో రకం తేమని కాస్త ఓర్చుకుంటుంది, లోపల ఫ్లోరైడ్ కూడా వదులుతుంది, కాకపోతే త్వరగా అరిగి ఊడుతుంది. పన్ను సగమే బయటికి వచ్చి చిగురు ఇంకా దాని మీద కప్పి ఉంటే, లేదా పిల్లాడు కుదురుగా కూర్చోకపోతే, ముందు గ్లాస్ అయానమర్ వేయించి, పన్ను పూర్తిగా వచ్చాక రెసిన్‌కి మారడం తెలివైన పని. ఏది వేయించినా చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ అది ఉందా, అంచు లేచిందా అని చూడమనండి.

మరి రెండిట్లో ఏది? శాశ్వత దవడ పళ్ల నమిలే వైపు వరకే చూస్తే పెద్ద తేడా లేదు. వేల్స్‌లో ఆరేడేళ్ల పిల్లలని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి సీలెంట్లు వేసి, ఇంకో జట్టుకి ఆర్నెల్లకోసారి వార్నిష్ వేస్తూ మూడేళ్లు గమనించారు, 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో పుచ్చిన పళ్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇది చదివి చాలామంది అయితే వార్నిషే చాలు అనేస్తారు. ఆ పిల్లలకి వార్నిష్ బళ్లోనే, గడువు ప్రకారం వేశారన్నది మర్చిపోకూడదు. మనలో ఎంతమందిమి ఆర్నెల్లకోసారి, మూడేళ్లపాటు, తప్పకుండా పిల్లల్ని తీసుకెళ్తాం? తీసుకెళ్లగలం అనుకుంటే వార్నిష్‌తో నెట్టుకురావచ్చు. మధ్యలో ఒకటి రెండు తప్పుతాయి అని మీకే అనిపిస్తే సీలెంట్ వేయించండి, అది మీరు మర్చిపోయినా పంటి మీద ఉండి పనిచేస్తూనే ఉంటుంది. ఇప్పటికే రెండు మూడు పళ్లు పుచ్చిన పిల్లలకైతే నా సలహా రెండూ: గాడులకి సీలెంట్, మిగతా వైపులకి వార్నిష్. సందుల్లో వచ్చే పుచ్చుని సీలెంట్ ఆపలేదు. ఆనుకుని ఉన్న దవడ పళ్ల మధ్య రాత్రిపూట ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నటి దారం) లాగడం, వార్నిష్, అవసరమైనప్పుడు ఎక్స్‌రే, అక్కడ పనికొచ్చేవి ఇవే.

ఇప్పటికే గుంట పడి ఉంటే

అప్పుడు వార్నిష్ ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు.

సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్, చాలామంది డెంటిస్టులు ఎస్‌డీఎఫ్ అంటారు, నీళ్లలా ఉండే మందు. 38 శాతం మందులో ఫ్లోరైడ్ దాదాపు 44,800 పీపీఎం ఉంటుంది. వెండి బ్యాక్టీరియాని చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన భాగాన్ని గట్టిపరుస్తుంది. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లింగ్ లేదు, గుంటని ఆరబెట్టి ఒక చుక్క తీసుకుని సుమారు నిమిషం పాటు అద్దుతారు. జపాన్‌లో దశాబ్దాలుగా వాడుతున్నారు, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడటమే దీనితో వచ్చే చిక్కు. బాగున్న ఎనామెల్ నల్లబడదు, పుచ్చిన మేరకే నల్లబడుతుంది. చిగురుకో పెదవికో తగిలితే ఆ మచ్చ కొద్ది రోజుల్లో పోతుంది, బట్టల మీద పడితే మాత్రం పోదు.

మా చెల్లెలి కూతురికి మూడేళ్లప్పుడు పై ముందు పళ్లకి ఇదే పూశారు. నవ్వినప్పుడల్లా నాలుగు నల్ల అంచులు కనిపించేవి, చుట్టాలు అడిగేవాళ్లు, చెల్లెలికి బాధగా ఉండేది. కానీ అప్పటిదాకా చల్లటి నీళ్లు తాగితే ఏడ్చే పిల్ల ఏడవడం మానేసింది, మత్తిచ్చి ఒకేసారి నాలుగు పళ్లకి పని చేయించాల్సిన అవసరం రాలేదు. కుర్చీలో కుదురుగా కూర్చోలేని వయసు, చాలా పళ్లకి పుచ్చు, లేదంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, వీళ్లకి నేను వెనకాడకుండా దీన్నే ఎంచుకోమంటాను. ఒకసారి పూసి ఊరుకోకూడదు, ఏడాదికి రెండుసార్లు పూస్తే ఫలితం ఒకసారి పూసినదానికంటే బాగుంటుంది. పూసిన చోట నల్లగా, గట్టిగా, గాజులా మారితే పుచ్చు ఆగిందని అర్థం. మెత్తగా, పసుప్పచ్చగానే ఉంటే ఆగలేదు. దవడ పళ్ల కంటే ముందు పళ్ల మీద ఇది బాగా పనిచేస్తుంది. వెండి పడని పిల్లలకీ, నరం దాకా పుచ్చి రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి ఉన్న పంటికీ ఇది వద్దు. గుంట పెద్దదైతే తిండి ఇరుక్కుంటూనే ఉంటుంది కాబట్టి తర్వాత దాని మీద గ్లాస్ అయానమర్ పెట్టించుకోవచ్చు, నలుపు కూడా కొంత కప్పబడుతుంది.

పాల దవడ పళ్ల సందులో గుంట పడితే ఫిల్లింగ్ తరచూ ఊడిపోతుంది. అలాంటి చోట స్టీల్ క్యాపు మేలు. స్కాట్లండ్‌లో డాక్టర్ నోర్నా హాల్ మొదలుపెట్టిన పద్ధతిలో పన్ను అరగదీయరు, మత్తు ఇంజెక్షన్ ఇవ్వరు, పుచ్చుని తీయకుండానే సిమెంటుతో క్యాపు బిగించేస్తారు. తిండి అందక లోపలి బ్యాక్టీరియా పని ఆగిపోతుంది. ముందు కొన్ని రోజులు పళ్ల మధ్య చిన్న రబ్బరు రింగులు పెట్టి చోటు చేయాల్సి రావచ్చు. పెట్టిన కొత్తలో నోరు మూస్తే ఆ పన్నే ముందు తగులుతుంది, పిల్లలు చిరాకు పడతారు, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. క్యాపు వెండిరంగులో కనిపిస్తుంది, పాలపంటితో పాటే ఊడిపోతుంది. నరం బాగానే ఉందని ఎక్స్‌రేతో చూసుకున్నాకే ఈ పద్ధతి.

మిగతావి

ఫ్లోరైడ్ మౌత్‌వాష్ ఆరేళ్లు దాటి, మింగకుండా ఉమ్మగలిగే పిల్లలకే. పళ్లకి క్లిప్పులు వేయించుకున్న పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకి బాగా ఉపయోగం, బ్రష్ చేసిన వెంటనే కాకుండా వేరే సమయంలో వాడాలి. జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) చూయింగ్ గమ్ పెద్ద పిల్లలకి కొంత సాయం చేస్తుంది, ఎక్కువ తింటే విరేచనాలు పట్టుకుంటాయి, ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనివ్వకండి, కుక్కలకి అది విషం. పాల ప్రొటీన్‌తో చేసిన క్రీములు తెల్ల మచ్చలకి పూస్తారు, పాలు పడని పిల్లలకి అవి వద్దు. ఎనామెల్‌లో ఉండేలాంటి ఖనిజం, హైడ్రాక్సీఅపటైట్, కలిపిన పేస్టుల మీద ఆశ పుట్టించే ఫలితాలు వస్తున్నాయి కానీ ఫ్లోరైడ్‌కి ఉన్నంత ఆధారం ఇంకా లేదు, పళ్లు పుచ్చే పిల్లల మీద ప్రయోగం చేసేదాన్ని కాదు నేనైతే. బొగ్గు పేస్టులు పిల్లలకి అసలు వద్దు.

వయసుని బట్టి చెప్పమంటే: రెండేళ్ల పిల్లకి చిగురు అంచున తెల్ల గీతలుంటే రాత్రి సీసా మాన్పించి, పేస్టు మార్చి, మూణ్నెల్లకోసారి వార్నిష్. నాలుగేళ్ల పిల్లాడికి మూడు నాలుగు గుంటలుంటే ముందు పళ్లకి ఎస్‌డీఎఫ్, దవడ పళ్లకి స్టీల్ క్యాపులు, మిగతా పళ్లకి వార్నిష్. ఏడేళ్ల పాపకి పాలపళ్లు చాలా పుచ్చి ఉంటే కొత్తగా వచ్చిన శాశ్వత దవడ పళ్ల గాడులు ఇంకా బాగుండగానే సీలెంట్లు వేయించండి, దీన్ని వాయిదా వేయకండి. ఆ పళ్లే పసుప్పచ్చగా, ఎక్కడికక్కడ పెళుసుగా పుట్టుకొస్తే అది పన్ను తయారయ్యేటప్పుడే ఎనామెల్ సరిగ్గా గట్టిపడకపోవడం కావచ్చు, బ్రష్ చేయకపోవడం వల్ల కాదు, పిల్లని తిట్టకండి, త్వరగా డెంటిస్ట్‌కి చూపించండి.

డెంటిస్ట్ దగ్గర అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ పుచ్చు తెల్ల గీత దశలో ఉందా, గుంట పడిందా? సందుల్లో ఏమైనా ఉందా, ఎక్స్‌రే కావాలా? ఇది వేయించకపోతే వచ్చే ఆర్నెల్లలో ఏమవుతుంది? ఊడిపోతే మళ్లీ వేస్తారా? ఒకేసారి పది పళ్లకి పని రాసిచ్చి, ఇంట్లో పిల్లలు ఏం తింటారు, ఏ పేస్టు వాడతారు అని ఒక్క మాట అడగని చోట రెండో అభిప్రాయం తీసుకోవడం తప్పేమీ కాదు. పిల్లలు రోజూ తాగే సిరప్ మందులుంటే అవీ చెప్పండి, చాలావాటిలో చక్కెర ఉంటుంది, దొరికితే చక్కెర లేనిది రాయమని అడగొచ్చు, లేదంటే రాత్రి బ్రష్‌కి ముందే వేసేయండి.

ఈ పోలికలన్నీ వాపూ, ఆగని నొప్పీ లేని పళ్ల గురించే. చిగురు మీద చీము పొక్కు లేచినా, చెంప వాచినా, జ్వరం వచ్చినా, నొప్పికి రాత్రిళ్లు లేచి ఏడుస్తున్నా ఏ మందు పూయించాలా అని చూస్తూ కూర్చోకుండా అదే రోజు తీసుకెళ్లండి. వాపు కంటి వైపో మెడ కిందికో పాకుతున్నా, మింగడానికో ఊపిరికో ఇబ్బంది ఉన్నా నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకే వెళ్లండి.